మేక, ఆకు, కాకి, తోక

చుట్టాలు ఇంటికొస్తే మూడేళ్ల బిడ్డను ముందుకు పిలిచి 'ఏదీ, ఒక రైమ్ చెప్పమ్మా' అనడం తెలుగిళ్లలో మామూలైపోయింది. రైమ్ అంటే ఇంగ్లిష్ పాట అని బిడ్డకూ తెలుసు, చుట్టాలకూ తెలుసు. ఆ మాటకు తెలుగైన ప్రాస మాత్రం పెద్ద తరగతుల్లో ఛందస్సు పాఠం వచ్చేదాకా చెవిన పడదు. పడినా మార్కుల కోసం గుర్తుపెట్టుకోవాల్సిన ఒక లక్షణంగానే పడుతుంది. ఒకే కుదురు నుంచి రావాల్సిన ఈ రెండు మాటలూ ఇంత దూరమైపోవడం వల్ల మన పసిపిల్లల పుస్తకాలకు పెద్ద నష్టమే జరిగింది. లయతో, ప్రాసతో నడుస్తూ, ఒడిలో కూర్చోబెట్టుకుని పైకి చదివి వినిపించే బొమ్మల పుస్తకం చదువుకు తొలి మెట్టు అని లోకం ఒప్పుకుని చాలా కాలమైంది. మనమూ ఒప్పుకుంటున్నాం. అయితే ఆ పుస్తకాన్ని తెలుగులో తయారుచేసేటప్పుడు ఇంగ్లిష్ చెవితో తయారుచేస్తున్నాం. తెలుగు బిడ్డ చెవికి తెలుగు ప్రాసే కావాలి. పాదం చివర అతికించే అంత్యప్రాసతో ఆ పని జరగదు.

చెవి ఎంత ముందుగా మేలుకుంటుందో మన పురాణం ఎప్పుడో చెప్పింది. తల్లి కడుపులో ఉండగానే ప్రహ్లాదుడు నారదుడి మాటలు విన్నాడు. 1986లో ఆంథొనీ డికాస్పర్, మెలనీ స్పెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఇలాంటి దాన్నే పరీక్షకు పెట్టారు. నిండు గర్భిణుల చేత చివరి ఆరు వారాలపాటు ఒకే పాఠాన్ని రోజూ పైకి చదివించారు. పుట్టిన రెండు మూడు రోజులకే శిశువులు తాము కడుపులో విన్న పాఠాన్ని, అంతకుముందు వినని పాఠాన్ని వేరుగా గుర్తించారు. పాలపీకను చప్పరించే వేగంలో తేడా చూపించి, విన్నదాన్నే మళ్లీ కోరుకున్నారు. ఆ శిశువులకు ఒక్క మాటకూ అర్థం తెలియదు. వాళ్లు పట్టుకున్నది నడకను, ఎత్తుపల్లాలను. ఆ ప్రయోగంలో చదివించిన వాటిలో డాక్టర్ స్యూస్ రాసిన 'ది క్యాట్ ఇన్ ది హ్యాట్' నుంచి తీసుకున్న భాగం కూడా ఉంది.

ఆ పుస్తకం పుట్టిన తీరు తెలుగు ప్రచురణకర్తలు మరీ మరీ తెలుసుకోవాల్సిన విషయం. 1954లో జాన్ హెర్సీ అనే రచయిత లైఫ్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అమెరికా బడుల్లోని తొలి వాచకాలు చప్పగా, జీవం లేకుండా ఉన్నాయనీ, అందుకే పిల్లలకు చదువంటే విసుగు పుడుతోందనీ ఆయన వాదన. దానికి జవాబుగా ఒక ప్రచురణ సంస్థ స్యూస్ చేతికి చిన్నపిల్లలకు తెలిసే మాటల జాబితా ఇచ్చి, వాటితోనే కథ రాయమంది. 1957లో వచ్చిన ఆ పుస్తకంలో వేర్వేరు మాటలు 236. మూడేళ్ల తర్వాత ఆయనే 50 మాటలతో 'గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్' రాశాడు. ఇంత కొద్ది మాటలతో కథ విసుగెత్తకుండా నిలిచిందంటే దాని వెనక ఉన్నది లయ, ప్రాస, పేజీ పేజీకీ కొత్త అల్లరి చేసే బొమ్మ. వాచకం చెయ్యలేని పనిని పాట చేసింది.

ఇక శాస్త్రం. ఆక్స్‌ఫర్డ్‌లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ 1983లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో మైలురాయి. ఇంకా చదవడం రాని నాలుగైదేళ్ల పిల్లలను నాలుగు వందల మంది దాకా తీసుకుని, ఏ మాట ఏ మాటతో ప్రాస కలుస్తుందో, ఏది కలవదో పట్టుకునే శక్తి వాళ్లలో ఎంత ఉందో కొలిచారు. నాలుగేళ్లు పోయాక చూస్తే, ఆ శక్తి ఎక్కువ ఉన్నవాళ్లే చదువులో, స్పెల్లింగులో ముందున్నారు. ఆ తర్వాత 1989లో బ్రయంట్ బృందమే 64 మంది పిల్లలను మూడేళ్లు దాటిన నాటి నుంచి ఆరేళ్లు దాటేదాకా గమనించింది. మూడేళ్ల వయసులో ఎన్ని పాటలు వచ్చో దాన్నిబట్టి తర్వాతి చదువు ఎలా ఉంటుందో కొంతవరకు చెప్పగలిగారు. తెలివితేటల తేడాలను, ఇంటి పరిస్థితులను లెక్కలోంచి తీసేసినా ఆ సంబంధం నిలిచింది. ఇంకో ఉపకారం కిర్‌స్టెన్ రీడ్ అనే పరిశోధకురాలు 2014లో చూపించింది. కొత్త మాట ప్రాస స్థానంలో ఉన్నప్పుడు పిల్లలు దాన్ని ఎక్కువగా గుర్తుంచుకుంటారు. చదివేవాళ్లు ఆ మాట ముందు ఒక్క క్షణం ఆగితే ఫలితం ఇంకా బాగుంటుంది. ఆ ఆగిన క్షణంలో బిడ్డ రాబోయే మాటను వెతుక్కుంటుంది, ముందు విన్న శబ్దం దానికి దారి చూపిస్తుంది. ప్రాస బిడ్డకు చేసే మేలంతా ఈ ఊహించడంలోనే ఉంది.

ఇక్కడే తెలుగు పుస్తకం తప్పటడుగు వేస్తోంది. బహుభాషా ప్రచురణ మన దేశంలో పిల్లల పుస్తకాలకు ఊపిరి పోసిందన్న మాట నిజం. 1957లో మొదలైన నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నైలోని తూలిక, 2004లో బెంగళూరులో పుట్టిన ప్రథమ్ బుక్స్ ఒకే బొమ్మలకు పలు భాషల పాఠం చేర్చి తక్కువ ధరకు అందించాయి. రంగుల ప్లేట్లు అన్ని భాషలకూ ఒకటే, నల్లక్షరాల ప్లేటు ఒక్కటి మారిస్తే చాలు కాబట్టి ఖర్చు కలిసొస్తుంది. వచన కథలకు ఈ పద్ధతి బాగా కుదిరింది. ప్రాసతో నడిచే పుస్తకానికి మాత్రం కుదరదు. ఇంగ్లిష్‌లో పుట్టిన అంత్యప్రాసను తెలుగులోకి తెచ్చే అనువాదకుడికి చేతికి తేలిగ్గా దొరికేది క్రియ. పిల్లి వచ్చింది, పాలు తాగింది, గోడ దూకింది, పారిపోయింది. కంటికిది ప్రాసలా కనిపిస్తుంది. చెవికి మాత్రం ఇందులో కొత్త సంగతి లేదు. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది. పిల్లి చేసిన ఏ పని చెప్పినా చివర 'ఇంది' వచ్చి తీరుతుంది. అది వ్యాకరణం ఉచితంగా ఇచ్చేది, కవి సంపాదించినది కాదు. పైగా మన మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి కనుక చివరి శబ్దాలు కలవడం ఇంగ్లిష్‌లో ఉన్నంత అరుదైన సంగతి కాదు. చదివేవాళ్లు 'ఇంది'తో ముగిసే మాట ముందు ఆగితే బిడ్డ దేన్ని ఊహించాలి? తాగిందా, తూగిందా, తిరిగిందా? ఏదైనా కావచ్చు. శబ్దం దారి చూపించలేదు.

తెలుగు తన ప్రాసను పాదం మొదట్లో, రెండో అక్షరంలో పెట్టుకుంది. ఆ నియమంలోని లోతును ఛందస్సు పుస్తకాల ధోరణి దాచేసింది. ప్రాస కలవాలంటే రెండో అక్షరంలోని హల్లు ఒకటే కావాలి, దాని మీది అచ్చు ఏదైనా ఉండొచ్చు. దాని ముందున్న అక్షరం ఒక పాదంలో గురువైతే అన్ని పాదాల్లోనూ గురువే కావాలి, లఘువైతే లఘువే. మేక, ఆకు, కాకి, తోక. రెండేళ్ల బిడ్డకు తెలిసిన ఈ నాలుగు మాటలూ పరిపూర్ణమైన ప్రాస. మొదటి అక్షరం నాలుగింటిలోనూ దీర్ఘం, రెండో అక్షరంలో క్ నిలకడగా ఉంది, దాని మీద అకారం, ఉకారం, ఇకారం మారుతున్నాయి. కప్ప, పప్పు, చెప్పు, చిప్ప మరో వరస. బండి, పండు, కొండ ఇంకో వరస. 'మేక ఒకటి ఆకు నమిలె, కాకి ఒకటి తోక లాగె' అని మూడు మాత్రల నడకలో ఉదాహరణకు రెండు పాదాలు అల్లుకుంటే, అంత్యప్రాస ఊసే లేకుండా నాలుక గెంతుతుంది. రెండో పాదంలో 'తోక' ముందు ఆగి చూడండి. బొమ్మలో కాకి ముక్కు మేక వెనకవైపు వంగి ఉంటే, మేక, ఆకు, కాకి విన్న చెవి తోకను తానే అందిస్తుంది.

ఇది పండితుల సొత్తని అనుకోవడానికి వీల్లేదు. తరతరాలుగా వీధిబడి పిల్లలు కంఠతా పట్టిన సుమతీ శతకం కంద పద్యాల్లో ఉంది. కందానికి ప్రాస తప్పనిసరి, నడక నాలుగేసి మాత్రల గణాలది. అంటే లక్షణం పేరు తెలియకపోయినా తెలుగు బిడ్డ చెవి ప్రాసకు అలవాటుపడే పెరిగింది. ఆ అలవాటు తప్పింది పసిపిల్లల పుస్తకం విదేశీ నమూనాలో వచ్చాకే.

ప్రాసకూ మన లిపికీ ఉన్న చుట్టరికం నా వాదనకు ఆయువుపట్టు. ఇంగ్లిష్‌లో క్యాట్, హ్యాట్, మ్యాట్ అన్నప్పుడు మొదటి హల్లు మారుతుంది, మిగతా ముక్క వినడానికీ రాయడానికీ ఒకేలా ఉంటుంది. అందుకే అంత్యప్రాస ఆ లిపికి తాళంచెవిలా పనికొచ్చింది. తెలుగు లిపి కథ వేరు. మన అక్షరం హల్లునూ అచ్చునూ కలిపి కట్టిన మూట. క, కా, కి, కీ, కు, కూ అంటూ గుణింతం వల్లించే పిల్లకు, రూపు మారుతున్న ఆ అక్షరాలన్నిటి అడుగునా ఒకే క్ ఉందని తెలియాలి. అది తెలియనంతకాలం గుణింతమంటే వందల కొద్దీ విడివిడి బొమ్మల జాబితా. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి నేర్చుకునే పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ కష్టాన్నే చూపించింది. అక్షరాలు పూర్తిగా పట్టుబడటానికి ఏళ్లు పడుతున్నాయి. మాటను అక్షరాలుగా విడగొట్టడం ముందు వస్తోంది, అక్షరంలోని హల్లును అచ్చు నుంచి విడిగా వినడం చాలా ఆలస్యంగా వస్తోంది. ఇప్పుడు ప్రాస నియమాన్ని ఇంకోసారి తలుచుకోండి. హల్లు నిలుస్తుంది, అచ్చు మారుతుంది. గుణింతం కంటికి చెప్పబోయే పాఠాన్ని ప్రాస రెండు మూడేళ్లు ముందే, ఆటలా, చెవికి చెబుతోంది. ఇది ప్రయోగశాలలో తేలిన ఫలితమని అనను. లిపి నడకనూ ప్రాస నడకనూ పక్కపక్కన పెట్టి చూస్తే తోచే మాట. దీన్ని మన విశ్వవిద్యాలయాల విద్యాశాఖలు, భాషాశాస్త్ర శాఖలు పరీక్షకు పెట్టాలి.

ప్రాసకు ఇంత విలువ ఇవ్వడం అతి అనే శాస్త్రవేత్తలున్నారు. వలెరీ మ్యూటర్, చార్లెస్ హ్యూమ్, మార్గరెట్ స్నోలింగ్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనంలో తొలి చదువును ముందుగా సూచించినది ప్రాస జ్ఞానం కాదు. మాటను అతి చిన్న ధ్వనులుగా విడగొట్టగల నేర్పే దాన్ని సూచించింది. బ్రాడ్లీ, బ్రయంట్ వాదనకు ఇది గట్టి ఎదురుదెబ్బే, దీన్ని దాటవేయడం న్యాయం కాదు. కానీ ఆ దెబ్బ తగిలింది అంత్యప్రాసకు, మాట తోకను మొత్తంగా పట్టుకునే ప్రాసకు. తెలుగు ప్రాస పట్టుకునేది ఒక్క హల్లును, అంటే ఆ బృందం ముఖ్యమన్న చిన్న ధ్వనినే. ఆ ఆక్షేపణను తెలుగు దగ్గరికి తెస్తే అది మన ప్రాసకే బలమవుతోంది.

ప్రాస కోసం అర్థాన్ని బలిపెడతారన్నది మరో ఆక్షేపణ. చెడ్డ పుస్తకాల విషయంలో అది అక్షరాలా నిజం, అలాంటివి మన దగ్గర తక్కువేమీ లేవు. అయితే ఇబ్బందే కల్పనను పుట్టించిన సందర్భాలూ ఉన్నాయి. బ్రిటిష్ రచయిత్రి జూలియా డొనాల్డ్‌సన్ ఒక పాత చైనా కథ తీసుకుంది. పులి భయాన్ని అడ్డం పెట్టుకుని నక్క బతికి బయటపడే కథ అది. దాన్ని పాటగా అల్లుతుంటే టైగర్ అన్న మాట ప్రాసకు లొంగలేదు. పాదం చివర ఉన్నది 'తెలుసు' అని అర్థమిచ్చే ఇంగ్లిష్ మాట నో. దానితో కలిసేలా ఒక జంతువు పేరు కావాల్సివచ్చింది. అలా గ్రఫలో అనే లేని జంతువు పుట్టింది. ఆక్సెల్ షెఫ్లర్ బొమ్మలతో 1999లో వచ్చిన ఆ పుస్తకం ఇప్పటికి నూరుకు పైగా భాషల్లోకి, యాసల్లోకి వెళ్లింది. ప్రాస మొండికేయకపోతే అది ఇంకో పులి కథగా మిగిలిపోయేది.

మనకు పాటలు లేవా, జోలపాటలు లేవా, చెమ్మచెక్క ఆటలు లేవా, పుస్తకం దేనికి అని అడిగేవాళ్లకు ఓపికగా జవాబు చెప్పాలి. ఉన్నాయి, బోలెడున్నాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి 'బాలభాష' పేరుతో వాటిని ఏరి కూర్చారు. చింతా దీక్షితులు 'లక్కపిడతలు' రాశారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియోలో పిల్లల చేత పాడించి, 1945లో 'బాల' పత్రిక పెట్టి ఆ పాటను అచ్చులోకీ తెచ్చారు. కానీ పాటల పుస్తకం వేరు, బొమ్మల పుస్తకం వేరు. పాటల పుస్తకంలో పేజీకో పాట, మూలన అలంకారంగా ఒక బొమ్మ. బొమ్మల పుస్తకంలో సగం కథ బొమ్మే చెబుతుంది. మాట ఆగినచోట బొమ్మ అందుకుంటుంది, పేజీ తిప్పడం కూడా కథలో భాగమవుతుంది. ఏడు చేపల కథను తలుచుకోండి. ఒక చేప ఎందుకు ఎండలేదన్న ప్రశ్న గడ్డిమేటు మీదుగా, ఆవు మీదుగా, చీమ దాకా సాగుతుంది. ప్రతి జవాబూ ఇంకో ప్రశ్నకు దారి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ ఇస్తే, పేజీ తిప్పే ముందే బిడ్డ జవాబు అరిచి చెప్పే పుస్తకం తయారవుతుంది. ఇంకో సంగతి. నోటి పాటకు అది వచ్చిన మనిషి ఇంట్లో ఉండాలి. అమ్మమ్మ ఒక ఊళ్లో, మనవరాలు ఒక ఊళ్లో ఉన్న కుటుంబాల్లో పాట రాని తండ్రికి పుస్తకమే పాటను అందిస్తుంది. డొనాల్డ్ హేస్, మార్గరెట్ ఆరెన్స్ అనే పరిశోధకులు 1988లో లెక్కవేసి చూస్తే, చదువుకున్న పెద్దలు మాట్లాడుకునే మాటల్లో కంటే పిల్లల పుస్తకాల్లోనే అరుదైన మాటలు ఎక్కువ కనిపించాయి. ఇంట్లో రోజువారీ మాటల్లో గరిసె, ఏతం, చిక్కం ఎన్నిసార్లు వస్తాయి? పుస్తకంలో అవి బొమ్మతో సహా వస్తాయి.

బట్టీ అనే భయం కూడా ఉంది. బడిలో బట్టీ మన పిల్లలకు చేసిన కీడు చూశాక ఆ భయాన్ని తీసిపారేయలేం. కానీ అర్థం లేకుండా వల్లించడం వేరు, ఇష్టంతో మళ్లీ మళ్లీ వినడం వేరు. ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హార్‌స్ట్ బృందం 2011లో మూడేళ్ల పిల్లలకు కొందరికి ఒకే కథను పదే పదే, కొందరికి వేర్వేరు కథలను చదివి వినిపించింది. కొత్త మాటలు రెండు గుంపులకూ సమానంగానే వినిపించినా, ఒకే కథ విన్నవాళ్లే వాటిని బాగా నేర్చుకున్నారు. నిన్న చదివిన పుస్తకాన్నే ఇవాళా తెచ్చి ఒళ్లో పెట్టే బిడ్డ మొండితనం చేస్తున్నట్టు కాదు.

ఫోన్‌లో తెలుగు పాటల వీడియోలు బోలెడు దొరుకుతుంటే ఈ ప్రయాస ఎందుకన్నది నేటి తల్లిదండ్రుల నిజాయితీగల ప్రశ్న. ఇద్దరూ ఉద్యోగాలు చేసి అలసి వచ్చే ఇంట్లో ఆ ఫోన్ కొంత ఊపిరి తీసుకోనిస్తుంది, వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. అయితే ప్యాట్రీషియా కూల్ 2003లో ప్రచురించిన ప్రయోగాన్ని తెలుసుకోవాలి. తొమ్మిది నెలల అమెరికా శిశువులకు పన్నెండు విడతలుగా మాండరిన్ భాష వినిపించారు. ఎదురుగా కూర్చుని మనిషి చదివి, ఆడించినప్పుడు ఆ భాషా ధ్వనులను పట్టుకున్నారు. అదే మనిషి, అవే మాటలు తెర మీద వస్తే ఏమీ నేర్చుకోలేదు. తెర బిడ్డ కోసం ఆగదు. ప్రాస ముందు ఒక్క క్షణం ఆగి, బిడ్డ ముఖంలోకి చూసి, అది నోరు విప్పేదాకా కాచుకునే పని మనిషి ఒక్కరే చెయ్యగలరు.

యాస సంగతి దీనికంటే కష్టమైంది. శ్రీకాకుళం బిడ్డకు, కర్నూలు బిడ్డకు, కరీంనగర్ బిడ్డకు ఒకే పుస్తక భాష ఇస్తే ఎవరో ఒకరి ఇంటి మాట చులకనవుతుంది. ఆశ్చర్యంగా, ఇక్కడా మన ప్రాసే ఆదుకుంటుంది. తెలుగు యాసల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది క్రియ చివర. వచ్చాడు, వచ్చిండు, వచ్చినాడు. క్రియ చివర ప్రాస పెట్టిన పుస్తకాన్ని ఇంకో యాసలో చదివితే ప్రాస కూలిపోతుంది. మేక, ఆకు, కాకి, తోక ఏ జిల్లాలోనైనా మేక, ఆకు, కాకి, తోకే. నామం మీద, పాదం మొదట్లో ప్రాస కట్టిన పుస్తకంలో చదివేవాళ్లు క్రియను తమ ఇంటి తీరుకు మార్చుకున్నా కట్టు చెదరదు. అలాగని యాసల్లో పుస్తకాలు అక్కర్లేదనడం లేదు. గ్రఫలో కథ స్కాట్స్ మాటలోనూ వచ్చింది. తెలంగాణ మాటలో, ఉత్తరాంధ్ర మాటలో, సీమ మాటలో నేరుగా పుట్టే పుస్తకాలు రావాలి.

పిల్లలు ఎలాగూ ఇంగ్లిష్ మీడియంలోనే చదువుతారు కదా అన్న మాటకు జవాబు చిన్నది. ధ్వనిని విడగొట్టి వినే నేర్పు చెవిది. ఇంటి భాషలో కుదిరితే ఇంకో భాషకూ అక్కరకొస్తుంది. డాలస్‌లోనో లండన్‌లోనో పెరిగే తెలుగు బిడ్డకు లిపి రావడం ఆలస్యమైనా, పైకి చదివి వినిపించే పుస్తకంతో చెవికి తెలుగు దక్కుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలో కలిపి సుమారు 90 వేల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు వచ్చేది అక్కడికే. అభినయ గేయాలు నేర్పే కార్యకర్తలు అక్కడే ఉన్నారు, లయ వాళ్లకు కొత్త కాదు. వాళ్ల చేతికి అనువాదం కాని, తెలుగు ప్రాసతో తెలుగులోనే పుట్టిన బొమ్మల పుస్తకాలు పది ఇవ్వండి. దూరంగా కూర్చున్న బిడ్డకూ కనిపించేంత పెద్ద బొమ్మలు, పేజీకి రెండు పాదాలు, గట్టి అట్ట. ఇది రెండు ప్రభుత్వాల బడ్జెట్లకు భారమయ్యే పని కాదు. ప్రచురణకర్తలు బొమ్మ గీసేవారినీ పాట కట్టేవారినీ మొదటి రోజు నుంచే ఒకచోట కూర్చోబెట్టాలి. ఇక పసిపిల్లలకు రాసే కవులకు ఒక మనవి. రాసిన పాదాన్ని అచ్చుకు పంపే ముందు మూడేళ్ల బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి చదవండి. ప్రాస మాట దగ్గర ఆగండి. బిడ్డ ఆ మాట అందించకపోతే పాదాన్ని మళ్లీ రాయండి.